సమస్య: ఉప్పులేని పప్పె యొప్పు నాకు

నిర్వాహకుడు (ఉదయం 6.05)

నిన్న రాత్రి మా ఇంట్లో పప్పులో ఉప్పు పడలేదు. ఎవరు మరిచిపోయారన్నది ఇక్కడ అప్రస్తుతం, ఎందుకంటే వండింది నేనే. మా ఆవిడ రెండు ముద్దలు తిని, "బాగానే ఉందండీ" అని మూడో ముద్దకి మజ్జిగ పోసేసుకుంది. ఆ "బాగానే"లోంచి ఊడిపడింది ఈ వారం సమస్య, అంటే ముందు మూడు పాదాలు రాసి మీరు పద్యంగా పూరించాల్సిన ఆఖరి పాదం.

*ఉప్పులేని పప్పె యొప్పు నాకు*

ఉప్పులేని కూర ఒప్పదని వేమన తేల్చేశాడు. పప్పు గురించి ఆ మాట అనలేదు గనక మనకి కాస్త సందుంది. ఒక్కటే షరతు: ఆవకాయ నిషిద్ధం. పోయినసారి పెరుగన్నం సమస్యకి తొమ్మిది మంది ఆవకాయ జాడీ పట్టుకునే ఒడ్డెక్కారు. ఫలానా అక్షరం వాడొద్దనే నిషిద్ధాక్షరి విన్నాం కదా, ఇది నిషిద్ధావకాయ.

కృష్ణాతీరం (6.40)

ఎప్పటిలాగే బోణీ నాదే.

*బాకు వైద్యమనుచు బాపూజి తానును*
*వదలె నుప్పు నొక్క వత్సరమ్ము*
*దండి కేగు వేళ దలచెనో లోలోన*
*ఉప్పులేని పప్పె యొప్పు నాకు*

దక్షిణాఫ్రికాలో కస్తూర్బాకి జబ్బు చేసినప్పుడు ఉప్పు మానమని గాంధీగారు చెప్పారు. "మీకైతే మానడం చేతనవునా?" అని ఆవిడ అంటే, అప్పటికప్పుడు ఏడాదిపాటు తానే మానేశారు. అలాంటి మనిషి 1930లో పిడికెడు ఉప్పు కోసం సబర్మతి నుంచి దండి దాకా నడిచారు. నా పూరణలో చమత్కారమంతా అక్కడే ఉంది. విడమరిచి చెప్పకపోతే కొందరికి ఎక్కదని రాస్తున్నాను.

లఘుగురు (7.02)

ఎక్కింది. ఎక్కాకే దిగింది. ఆయన మానేసింది ఉప్పొక్కటే కాదు, ఉప్పూ పప్పూ రెండూ. ఆవిడని మానమన్నదీ రెండూనే. ఆత్మకథలో స్పష్టంగా ఉంది. పప్పే తిననివాడు "ఉప్పులేని పప్పె యొప్పు" అని లోలోన మాత్రం ఎందుకనుకుంటాడు? పైగా "లోలోన / ఉప్పు" దగ్గర విసంధి, అచ్చు పక్కన అచ్చు వచ్చినా సంధి కలపలేదు.

కృష్ణాతీరం (7.10)

ఏడాది మానాడన్నాను గానీ, ఇరవయ్యేళ్ళ తర్వాత కూడా తినలేదని అన్నానా? ఇక నాలుగో పాదం బాపూజీ మనసులో మాట, కొటేషన్. కొటేషన్ ముందు సంధి చేయమంటారా? ఆయన మనసులోకి "ఉప్పు"ని "యుప్పు" చేసే యడాగమం తోసే ధైర్యం నాకు లేదు.

లఘుగురు (7.14)

కొటేషన్ గుర్తు కనిపించలేదు.

కృష్ణాతీరం (7.15)

కళ్ళజోడు పెట్టుకోండి మాస్టారూ.

నిర్వాహకుడు (7.30)

ఇంకా కాఫీ అయినా తాగలేదు, అప్పుడే మొదలెట్టారా. తర్వాతి వాళ్ళు రండి.

కొత్తకుండ (8.20)

నమస్కారం. నేను కొత్త. హైదరాబాదులో ఒక్కణ్ణే ఉంటున్నాను. తప్పులుంటే దిద్దండి.

*గదిని నేనొకణ్ణి, గరిటె యొక్కటి చాలు*
*గిన్నె కడుగు పనియు గిట్టదయ్య*
*పక్క ఫ్లాటువారి పులిహోర గాలితో*
*ఉప్పులేని పప్పె యొప్పు నాకు*

లఘుగురు (8.23)

పక్క. పులి. ?

కొత్తకుండ (8.31)

అయ్యో. అర్థమైంది సార్. పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరాలి, అదే యతి. "ప"కి "పు" కుదరలేదు. పులిహోర తీసేసి "పచ్చడి ఘాటుతో" అంటే సరిపోతుందా? కానీ మనసొప్పడం లేదు. నిజంగా వచ్చింది పులిహోర వాసనే. శనివారం పొద్దున ఇంగువ పోపు తలుపు కిందనుంచి వస్తుంది. నేను స్టవ్ దగ్గర నిలబడి, గిన్నెలోంచే గరిటెతో తినేస్తాను.

వంటింటి కిటికీ (8.45)

నాయనా, పులిహోరని వదులుకోకు. "పక్క" తీసేసి "పొరుగు" అను.

*పొరుగు ఫ్లాటువారి పులిహోర గాలితో*

పొ, పు. యతి కుదిరింది, పులిహోర మిగిలింది. గిన్నె మాత్రం కడుక్కో.

లఘుగురు (8.47)

సాధు.

కృష్ణాతీరం (8.50)

"ఫ్లా" ముందున్న "గు" బరువెక్కి గురువై కూచుంటుందేమో, మాస్టారు చూసినట్టు లేదు?

లఘుగురు (8.52)

వేరే మాట మొదట్లో ఉన్న సంయుక్తానికి ముందున్నది తేలికే, లఘువే. అందులోనూ అది ఇంగ్లీషు మాట. మీకు ఈ సంగతి తెలుసు. నేను తడబడతానేమోనని అడిగారు.

కృష్ణాతీరం (8.53)

అవును.

పెసరట్టు ప్రియుడు (9.30)

అందరూ "నాకు" అంటే "నా కోసం" అనుకుంటున్నారు. తెలుగులో "నాకు" అంటే ఇంకో అర్థం కూడా ఉందని మా టామీని చూస్తే గుర్తొచ్చింది.

*పచ్చడడుగబోకు బంగారు కుక్కరో*
*తోక యూప వలదు తొందరేల*
*వైద్యుడన్న మాట వాస్తవమ్మే సుమ్మి*
*ఉప్పులేని పప్పె యొప్పు, నాకు!*

కామా పెట్టింది నేను. కుక్కలకి ఉప్పు తగ్గించాలి, ఉల్లీ వెల్లుల్లీ అసలే పెట్టకూడదు. పశువుల డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి దాని పప్పు వేరే గిన్నెలో తీస్తున్నాం.

నిర్వాహకుడు (9.34)

నాకు! నాకు! ఇది చదివి మా అబ్బాయికి చూపిస్తే వాడు నేల మీద దొర్లాడు. నేను సమస్య ఇచ్చినప్పుడు ఈ విరుపు నాకే తట్టలేదు.

ముద్దబంతి (9.41)

"బంగారు కుక్కరో" అంటే ముందు ప్రెషర్ కుక్కర్ అనుకున్నాను. మూడు విజిళ్ళు వచ్చాక గానీ కుక్క అని తెలియలేదు.

కృష్ణాతీరం (9.50)

విరుపు బాగుంది, కాదనను. కానీ ఈ దారి మొదట తొక్కింది ఎవరో గుర్తు చేయాలి. "ఎలుక కాళ్ళు మొక్కె నింటి పిల్లి" అన్న సమస్యకి అందరూ వినాయకుడి వాహనం అంటూ పత్రి కోసుకొస్తుంటే, ఎలుక అంటే కంప్యూటర్ మౌస్ అని తిప్పింది ఎవరు?

లఘుగురు (9.58)

మీరే. ఆ రోజు ఊరుకున్నాను, ఇప్పుడు అడుగుతున్నాను. మౌస్‌కి కాళ్ళెక్కడివి?

కృష్ణాతీరం (10.03)

తిరగేసి చూడండి. అడుగున నాలుగు మూలలా చిన్న చిన్న జారుడు ముక్కలుంటాయి. వాటి మీదే అది నడుస్తుంది.

లఘుగురు (10.11)

తిరగేశాను. నా దానికి రెండే ఉన్నాయి.

కృష్ణాతీరం (10.12)

అయితే మీ ఎలుక నిలబడి నడుస్తుంది. అభినందనలు.

పెసరట్టు ప్రియుడు (10.15)

అయ్యా, నా కుక్క సంగతి...

ముద్దబంతి (11.05)

కుక్క సంగతి తర్వాత. నాది మా ఇంటాయన సంగతి.

*ఉప్పు కారమనుచు నురుము మగనికన్న*
*నోరు మెదపనట్టి నోము పంట*
*వట్టి పప్పె యనిరి వదినలందరు గాని*
*ఉప్పులేని పప్పె యొప్పు నాకు*

నిర్వాహకుడు (11.09)

ఇక ఈ వారానికి తలుపులు మూసేయొచ్చు. "ఉప్పూ కారం తినడం లేదా" అని రోషం లేనివాణ్ణి అడుగుతాం, నోట్లో నాలుక లేనివాణ్ణి ముద్దపప్పు అంటాం. రెండూ రోజూ మన నోట్లో నానే మాటలే. రెంటినీ ఒక్క మొగుడిలో కలిపారు. సమస్యలో ఒక్క అక్షరం విరవలేదు, కామా కూడా పెట్టలేదు. (పెసరట్టు గారూ, మన్నించాలి.)

పెసరట్టు ప్రియుడు (11.12)

మన్నించాను. కామా తీసేసినా నా కుక్క నాకుతుంది.

వంటింటి కిటికీ (11.15)

"నోము పంట" దగ్గర టీ గ్లాసు కింద పెట్టేశాను. ఇంతకీ మీవారు ఇది చదువుతారా?

ముద్దబంతి (11.17)

టైప్ చేసిపెట్టింది ఆయనే. "నోరు మెదపనట్టి" దగ్గర ఒక్కసారి నావైపు చూశారు. నోరు మెదపలేదు.

లఘుగురు (11.20)

"గాని యుప్పు" అనవలసి ఉంది. అయినా పద్యం బాగుంది. చాలా బాగుంది.

కృష్ణాతీరం (11.21)

నా పద్యానికి విసంధి, ముద్దబంతి గారి పద్యానికి "అయినా". రాసిపెట్టుకుంటున్నాను.

వంటింటి కిటికీ (మధ్యాహ్నం 1.10)

కవులందరికీ ఒక వంటింటి రహస్యం. ఉప్పు ముందే వేస్తే పప్పు సరిగా ఉడకదని మా అత్తగారు నేర్పారు. ఉడికి, మెదిపాకే ఉప్పు. అంటే మీరు తినే ప్రతి పప్పూ పొయ్యి మీద కాసేపు ఉప్పులేని పప్పే. మా ఇంట్లో నేనిప్పుడు అక్కడితో ఆపేస్తున్నాను. మామగారికి బీపీ, ఆయనకి చిటికెడు. మావారికి వేసిందానికి రెండింతలు. అమ్మాయి ఏదో చదివి, రోజుకి మనిషికి 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందంటూ చెంచా పట్టుకుని కొలుస్తుంది. పదేళ్ళు గొడవపడ్డాను. ఇప్పుడు ఉప్పు డబ్బా బల్ల మీద పెట్టేసి కూచుంటున్నాను.

*ముగ్గురింట రుచులు మూడు తీరులు గాన*
*ఎవరి యుప్పు వారి కిత్తు విడిగ*
*తగవు లేని యిల్లు దక్కెను చాలింక*
*ఉప్పులేని పప్పె యొప్పు నాకు*

కొత్తకుండ (1.25)

అమ్మా, మీ పద్యం చదువుతుంటే ఇంటికి ఫోన్ చేయాలనిపించింది. చేశాను. "ఏం తిన్నావు" అనే అడిగింది అమ్మ. పులిహోర అని చెప్పాను.

అరుగు మీద (2.40)

ఆలస్యమైంది. నా పూరణ:

*ఆవకాయ జాడి యటకపై నుండగా...*

నిర్వాహకుడు (2.41)

తీసేశాను.

అరుగు మీద (2.44)

ముద్దపప్పులో ఉప్పు తక్కువ వేసేదే ఆవకాయ కలుపుకుంటామని! సమస్యకి అసలైన సమాధానమే అది. దాన్ని నిషేధించి మిగతా అందరి చేతా డొంకతిరుగుడు రాయిస్తున్నారు.

నిర్వాహకుడు (2.46)

ఆ మాట నిజమే. నిషేధం కూడా నిజమే.

కృష్ణాతీరం (సాయంత్రం 4.00)

ఒక ప్రశ్న. ఆకాశవాణికి పోస్టుకార్డుల మీద పూరణలు పంపిన రోజుల నుంచి మాస్టారి పేరు వింటున్నాను. ఇక్కడికి వచ్చాక ఆయన పట్టిన తప్పులే చూశాను తప్ప, ఒక్క పద్యం చూడలేదు. తప్పుల్లేని పద్యం ఎలా ఉంటుందో ఒక్కసారి చూపిస్తే మేం కూడా నేర్చుకుంటాం.

నిర్వాహకుడు (4.05)

కృష్ణాతీరం గారూ, కాస్త మెల్లిగా.

లఘుగురు (రాత్రి 8.35)

అడిగారు గనక.

*వంట నేర్చినాను వయసు డెబ్బదిలోన*
*వంకలెన్న నింట వారు లేరు*
*మరచినట్టి నాడు మారు మాటాడక*
*ఉప్పులేని పప్పె యొప్పు నాకు*

ముద్దబంతి (8.41)

మాస్టారూ.

కొత్తకుండ (8.44)

రెండో పాదం మూడుసార్లు చదివాను సార్.

పెసరట్టు ప్రియుడు (8.50)

"మారు మాటాడక" అన్నారు. మాటాడ్డానికి అవతల మనిషి ఉండాలి కదా. అది తట్టాక మళ్ళీ మొదటి పాదానికి వెళ్ళాను.

కృష్ణాతీరం (9.20)

మూడో పాదం చివర "మాటాడక" తర్వాత అచ్చు వచ్చింది. పొద్దున నా మీద వేసిన కేసే. మీకైతే కొటేషన్ సాకు కూడా లేదు. అరగంట నుంచి అది రాయాలని కూచున్నాను.

పోన్లెండి. మనిద్దరిదీ ఒకే ఊరని ఇక్కడ ఎవరికీ తెలియదు. బస్టాండు వెనక నాలుగో సందు, మీరెరిగిన ఇల్లే. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రండి. మౌస్ కూడా తెండి, కాళ్ళు లెక్కపెడదాం.

లఘుగురు (9.52)

విసంధి సంగతి రాసేటప్పుడే తెలుసు. "యుప్పు" అంటే నిర్వాహకుడి పాదం చెడుతుంది, "మాటాడక" తీసేస్తే నా పాదం చెడుతుంది. సాయంత్రం నుంచి దానితోనే కుస్తీ.

ఆదివారం వస్తాను. పప్పులో ఉప్పు మాత్రం సరిగ్గా వేయమని చెల్లెమ్మతో చెప్పండి.