లైనరు ఓరింగులకు ఏమి రాసి దింపాలి?

నరసన్నపేట రైతు:
మా మూడు సిలిండర్ల ట్రాక్టరు ఇంజినుకు గత వేసవిలో కొత్త లైనర్లు (పిస్టన్లు ఆడే గొట్టాలు) వేయించాను. రెండు నెలలు తిరగకముందే ఆయిలు మజ్జిగలా తెల్లబడింది. ఇంజిను అడుగున ఆయిలు ఉండే సంపు విప్పి చూస్తే రెండో లైనరు అడుగు నుంచి నీరు చుక్కలుగా దిగుతోంది. నీరు దిగకుండా లైనరు చుట్టూ వేసే రబ్బరు ఓరింగును బయటికి తీస్తే, అది ఒకచోట కోసుకుపోయి, మరోచోట మెలితిరిగి ఉంది. నాట్లకు ముందే మళ్ళీ కట్టించాలి. ఓరింగుకు ఏది రాస్తే మంచిదో, అది శ్రీకాకుళంలో ఎక్కడ దొరుకుతుందో, చిన్న ప్యాకెట్టు ధర ఎంతో తెలిసినవారు చెప్పగలరు.

ఆమదాలవలస ఇంజిన్లు:
మీ మెకానిక్ పొడిగా దింపి ఉంటాడు. పొడి ఓరింగు బోరు (బ్లాకులో లైనరు దిగే రంధ్రం) గోడను పట్టుకుంటుంది, లైనరు కిందికి జారుతుంటే అది మాత్రం మెలిపడి తెగుతుంది. నేను ముప్పై రెండేళ్ళుగా ఆముదం తప్ప మరొకటి రాయలేదు, ఒక్క ఇంజిను కూడా వెనక్కి రాలేదు. దుకాణాలు తిరగనక్కర్లేదు.

బొబ్బిలి సీళ్ళు:
ఆముదం రబ్బరును పాడుచేయదన్నది నిజమే. ఒకప్పటి బ్రేకు నూనెల్లోనూ ఆముదమే ఉండేది. కానీ వేడికి అది ఆరి జిగురు కడుతుంది, మళ్ళీ లైనరు తీయాల్సిన రోజున ఆ జిగురు గోకేవాడికి తెలుస్తుంది. దానికన్నా ముందు ఆ ఓరింగు ఏ రబ్బరుదో తేల్చుకోవాలి. నైట్రైల్ అయితే ఇంజిన్ ఆయిలైనా వ్యాజ్‌లీనైనా రాయవచ్చు. ఈపీడీఎం అయితే ఆ రెండూ తగలకూడదు, ఎందుకంటే ఖనిజ నూనె పీల్చుకుని అది ఉబ్బి మెత్తబడుతుంది.

ఆమదాలవలస ఇంజిన్లు:
నేను కట్టిన ఇంజిన్లలో జిగురు చూసినవాడు ఇంకా పుట్టలేదు. సీళ్ళు అమ్మేవారికి ప్రతి రబ్బరుకూ ఒక పేరు, ప్రతి పేరుకూ ఒక ట్యూబు కావాలి. రైతుకు కావలసింది బండి నడవడం.

రాజాం డీజిల్:
ఇద్దరూ నెమ్మదించండి. క్యాటర్‌పిల్లర్ కంపెనీ ఇంజిన్ల మాన్యువళ్ళలో లైనరు కింది ఓరింగులకూ, అవి ఆనే బ్లాకు బోరుకూ ద్రవ సబ్బు రాయమనీ, పైనుండే పట్టీని మాత్రం దింపే ముందు ఇంజిన్ ఆయిలులో ముంచమనీ ఉంటుంది. ఒకే లైనరుకు రెండు రకాలు చెప్పారంటే రబ్బరును చూసే చెప్పారు. మీ ట్రాక్టరు మాన్యువల్‌లో ఏముందో ఒకసారి చూడండి, ఆముదం అనైతే ఉండదు.

భావనపాడు బోటు:
నా బాధ వేరు. 2018 తిత్లీ తుపానులో బోటు ఇంజినులోకి నీరు చేరితే విప్పించాను. కట్టినవాడు జాగ్రత్త పేరుతో ఓరింగు గాడి నిండా సిలికాన్ సీలెంటు నింపాడు. నొక్కిన రబ్బరు పక్కకు జరగడానికి గాడిలో కొంత ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ సీలెంటుతో నిండిపోయేసరికి లైనరు సరిగా కూర్చోలేదు, వారం తిరగకుండానే మళ్ళీ విప్పాల్సి వచ్చింది. సిలికాన్ గ్రీజు, సిలికాన్ సీలెంటు ఒకటేనని ఎవరు చెప్పినా నమ్మకండి.

చీపురుపల్లి కుర్రవాడు:
ఇంత చర్చ ఎందుకు? నల్లగా ఉంటే నైట్రైల్, ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటే వైటాన్.

బొబ్బిలి సీళ్ళు:
రంగు ఎవరైనా కలపవచ్చు తమ్ముడూ. ఈపీడీఎం కూడా నల్లగానే ఉంటుంది, కిట్టు కొన్న సగంమంది మోసపోయేది అక్కడే. మిగిలిన ఓరింగు ఒకటి ఇంజిన్ ఆయిలులో వేసి రెండు రోజులు ఎండలో ఉంచి, ముంచనిదాని పక్కన పెట్టి చూడండి. ఉబ్బితే దానికి నూనె పనికిరాదు.

వంశధార పంపు:
తాగునీటి ఫిల్టర్ల డబ్బాకు ఉండే ఓరింగుకు రాసే సిలికాన్ గ్రీజు, ఆ ఫిల్టర్లు బాగుచేసేవారి దగ్గర చిన్న ట్యూబులో దొరుకుతుంది. మా పంపు సెట్లకు అదే రాస్తున్నాం. నైట్రైల్, ఈపీడీఎం, వైటాన్ మూడింటికీ పనికివస్తుంది కానీ, ఓరింగే సిలికాన్ రబ్బరుదైతే ఆ గ్రీజుకు అదీ ఉబ్బుతుంది. వేలికి అంటినంత చాలు, గాడి నింపకూడదు.

ఆమదాలవలస ఇంజిన్లు:
తాగునీటి ఫిల్టరు గ్రీజు డీజిలు ఇంజినుకా! ఇక చెప్పడానికి ఏమీ లేదు.

వంశధార పంపు:
ఆ రకం గ్రీజు దాదాపు 200 డిగ్రీల వరకు నిలుస్తుంది, లైనరు చుట్టూ తిరిగే నీరు దాని దరిదాపులకు కూడా రాదు. తలకు రాసుకునే ఆముదానికి లేని అభ్యంతరం దీనికెందుకు?

నరసన్నపేట రైతు:
ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. బొబ్బిలి గారు చెప్పినట్లు ఆయిలులో వేసిన ఓరింగు రెండో రోజుకు గాడిలో పట్టనంత ఉబ్బింది, కాబట్టి సబ్బు ద్రవమే రాశాం. అంతకుముందు ఓరింగులు లేకుండా లైనరును ఒట్టిగా దింపి చూస్తే చేతి బరువుకే జారింది. అయితే బ్లాకు కింది బోరు అంచు కత్తిలా ఉంది. మొదటిసారి ఓరింగును కోసింది అదేనని నాకు అనిపిస్తోంది. ఎమరీ కాగితంతో ఆ అంచు నునుపు చేసి, రజను తుడిచి, మూడూ దింపాం. సంపు బిగించకుండా బ్లాకులో నీళ్ళు పోసి రాత్రంతా ఉంచాం. తెల్లారి కింద పరిచిన కాగితం పొడిగా ఉంది. ధర సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆమదాలవలస ఇంజిన్లు:
అంచు నునుపు చేయకుండా దింపినవాడిని మెకానిక్ అనకండి, ఏమి రాసినా ఓరింగు తెగేది. ఆ మాట నేను ముందే అడగాల్సింది. ధర అడిగారు కదా, మా షెడ్డులో ఆముదం సీసా ఉంది, డబ్బులు అక్కర్లేదు, వచ్చి పట్టుకెళ్ళండి.