అప్‌డేట్: వైట్ వైన్ సీసా అడుగున ఉన్నవి గాజు రవ్వలు కావు

మా బావగారు ఫ్రాన్స్ నుంచి బెంగళూరు తెచ్చిన వైట్ వైన్‌ను ఫ్రిజ్‌లో పెడితే అడుగున గాజు రవ్వల్లాంటివి చేరాయని, తాగొచ్చా అని అడిగాను కదా. లువార్ లోయలో ఒక రైతు కుటుంబం పాత తీగల షెనిన్ బ్లాంక్ ద్రాక్షతో చేసిన ఆర్గానిక్ వైన్ అది.

మీరు చెప్పిందే నిజం, అవి టార్ట్రేట్ స్ఫటికాలు. కార్కు లోపలి వైపు కూడా మెరుస్తూ అంటుకుని ఉన్నాయి. కాసిని మరిగే నీళ్లలో వేసి కలిపితే పూర్తిగా కరిగిపోయాయి. గాజయితే కరగదు. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం పొటాషియంతో కలిసి చల్లదనానికి ఇలా పేరుకుంటుందట. కేకుల్లో వాడే క్రీమ్ ఆఫ్ టార్టార్ ఇదే! పెద్ద కంపెనీలు సీసాల్లో నింపకముందే వైన్‌ను బాగా చల్లబరిచి వీటిని తీసేస్తాయి. చిన్న రైతులు చాలామంది ఆ జోలికి పోరు. నాకు అదే నచ్చింది.

లేబుల్ మీది ‘పాత తీగలు’ అన్న మాటకు ఫ్రాన్స్ చట్టంలో ఇన్నేళ్లని లెక్కేమీ లేదు. వయసెంతో రైతునే అడగాలి.

ఆస్తమా ఉన్నవాళ్లు ఒకటి గమనించండి. వైన్ పాడవకుండా వాడే సల్ఫైట్లు ఆస్తమా ఉన్న కొందరికి పడవు. ఆర్గానిక్ అంటే అవి ఉండవని కాదు. ఐరోపాలో మామూలు డ్రై (తీపి లేని) వైట్ వైన్‌కు లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు, ఆర్గానిక్‌కు 150 వరకు అనుమతి ఉంది. అందుకే ఆస్తమా ఉన్న మా అక్క ముట్టుకోలేదు, బావగారూ నేనూ తాగాం. చాలా బాగుంది.