కుండ మీద మాస్కు వేసుకున్న యోధుడు: ఇది కూడా ప్యూబ్లో సంప్రదాయమేనా?

రియోగ్రాండే_రాజు:

అందరికీ నమస్కారం. మేము ఆల్బుకెర్కీ పక్కన రియో రాంచోలో ఉంటాం, వచ్చి నాలుగేళ్లయింది. పోయిన ఆగస్టులో శాంటా ఫేలో ఇండియన్ మార్కెట్ (మన ఇండియా కాదు, ఇక్కడి ఆదివాసీ కళాకారుల సంత) జరుగుతుంటే పిల్లల్ని తీసుకుని వెళ్లాం. నల్లగా అద్దంలా మెరిసే కుండలు, ఒళ్లంతా పిల్లలు ఎక్కి కూర్చున్న అవ్వ బొమ్మలు, ఇవన్నీ నేను ఊహించుకున్నట్టే ఉన్నాయి. తర్వాత ఎండకి తట్టుకోలేక పక్కనే ఒక గ్యాలరీలో దూరితే అక్కడ వేరే లోకం, కుండల మీదా, విడిగా బొమ్మలుగానూ నిలబడ్డ మనుషులు. తెల్లటి మట్టి మీద నల్లటి గీతలు, మొహానికి మాస్కులు, ఒంటినిండా పచ్చబొట్లలాంటి డిజైన్లు, అచ్చం సైన్స్ ఫిక్షన్ సినిమా పాత్రల్లా ఉన్నారు. చేసినాయన పేరు వర్జిల్ ఓర్టిజ్, ఊరు కొచిటి ప్యూబ్లో అని రాసుంది (ప్యూబ్లో అంటే ఇక్కడ న్యూ మెక్సికోలో ఆదివాసుల ఊరు). ధర చూసి చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను, మా చిన్నోడి చేతులు మా ఆవిడ పట్టుకుంది.

నా డౌట్ ఏంటంటే, ఇది సంప్రదాయ కుమ్మరి పనేనా లేక సంప్రదాయం పేరు పెట్టుకున్న మోడర్న్ ఆర్టా? అక్కడున్న అమ్మాయి "పూర్తిగా పాత పద్ధతిలోనే చేస్తారు" అంది. పద్ధతి పాతదైతే మరి బొమ్మ ఇలా ఎందుకుంది? తెలిసినవాళ్లు కొంచెం చెప్పండి.

మట్టిపిచ్చి:

రాజు గారూ, మీ ప్రశ్న చూసి ఆగలేకపోయాను, నేను ఆరిజోనాలో సిరామిక్స్ నేర్చుకుంటున్నాను, ఈయన పనంటే నాకు మహా ఇష్టం. కాబట్టి కాస్త పక్షపాతం ఉంటుంది, ముందే చెప్తున్నా.

వర్జిల్ ఓర్టిజ్ 1969లో పుట్టారు. ఆరుగురు పిల్లల్లో ఆఖరివాడు. అమ్మ సెఫెరీనా ఓర్టిజ్, అమ్మమ్మ లారెన్సిటా హెర్రెరా, ఇద్దరూ పేరున్న కుమ్మరులే. అంటే మట్టి ఆయనకి కాలేజీలో పరిచయమైంది కాదు, ఇంట్లో అమ్మ చేస్తుంటే పక్కన కూర్చుని ఆడుకుంటూ వచ్చింది.

ఇక మీ అసలు డౌట్. మీరు "సంప్రదాయం" అనుకున్న అవ్వ బొమ్మ ఉందే, ఒళ్లో పిల్లలతో నోరు తెరుచుకుని కథ చెప్తున్నట్టుండేది, దాన్ని స్టోరీటెల్లర్ అంటారు. అది కొచిటిలోనే హెలెన్ కార్డెరో అనే ఆవిడ 1964లో మొదలుపెట్టింది, కథలు చెప్పే వాళ్ల తాతని తలుచుకుని చేసింది. ఇప్పుడు న్యూ మెక్సికోలో ఎక్కడ చూసినా అదే, చాలా ప్యూబ్లోల్లో చేస్తారు. మీరు "మోడర్న్" అనుకున్న నిలబడ్డ మనుషుల బొమ్మలకి మాత్రం కొచిటిలో అంతకంటే పాత చరిత్ర ఉంది. 1880లో రైలు ఈ ప్రాంతానికి వచ్చింది, దాంతో పాటు వ్యాపారులు, పాదిరీలు, సర్కస్ వాళ్లు, పాటగాళ్లు, రకరకాల కొత్త మనుషులు దిగారు. కొచిటి కుమ్మరులు వాళ్లని చూసి ఊరుకోలేదు. టై కట్టుకున్న వ్యాపారిని, నోరంతా తెరిచి పాడే గాయకుణ్ణి, రెండు తలల సర్కస్ మనిషిని మట్టిలో చేసి నిలబెట్టి, ఎవర్నైతే వెక్కిరించారో వాళ్లకే అమ్మారు! వీటికి మోనోస్ అని పేరు పడింది. మ్యూజియం పెద్దమనుషులు అప్పట్లో వీటిని టూరిస్టు చెత్త అని పక్కన పడేశారు, వాళ్లకి "కల్తీలేని" పాత కుండలే కావాలి. అలా ఆ బొమ్మల్లో చాలా భాగం ఊరు దాటి సేకర్తల బీరువాల్లోకి పోయింది, ఊళ్లో దాదాపు మరుగున పడింది.

ఇందులో నాకు ఒళ్లు జలదరించే సంగతి ఒకటుంది. ఓర్టిజ్ కుర్రాడిగా ఉన్నప్పుడు, పాతవి ఎప్పుడూ చూడకుండానే, తన ఊహతో నిలబడ్డ మనుషుల బొమ్మలు చేస్తున్నాడట. ఆల్బుకెర్కీలో ఒక సేకర్త అవి చూసి ఆశ్చర్యపోయి, తన దగ్గరున్న పందొమ్మిదో శతాబ్దం మోనోస్ తెచ్చి చూపించాడు. రెండూ ఒకే చేతిలోంచి వచ్చినట్టున్నాయి. అప్పట్నుంచి ఆయన పని దాన్ని తిరిగి బతికించడమే. పాతవాళ్లు తమ కాలంలో ఎదురైన వింత మనుషుల్ని చేశారు, ఈయన తన కాలంలో చూసినవాళ్లని, ఊహించుకున్నవాళ్లని చేస్తున్నాడు. అందుకే మాస్కులు, పచ్చబొట్లు.

గోడమీదపిల్లి:

బాగా చెప్పారు గానీ నాకెందుకో ఇదంతా మార్కెటింగ్ అనిపిస్తుంది. ఈయన న్యూయార్క్ ఫ్యాషన్ డిజైనర్ డోనా కరన్‌తో కలిసి బట్టల మీద డిజైన్లు వేశాడు కదా, ఊరి కుమ్మరి అంటే నాకు ఆ లెక్క కుదరట్లేదు. తప్పు అనట్లేదు, సంప్రదాయం అనే మాట ఎందుకు వాడాలి అంటున్నా.

మట్టిపిచ్చి:

అవును, 2003 కలెక్షన్ కోసం కరన్‌తో చేశాడు, కుండల మీద వేసే గీతలే గుడ్డ మీదకి వెళ్లాయి. దాంట్లో తప్పేముంది బ్రో? మోనోస్ చేసిన అవ్వలు కూడా రైలు దిగినవాళ్లకి అమ్ముకోడానికే చేశారు. ప్యూబ్లో కుమ్మరి పేదగా, మౌనంగా, పాత డిజైనే మళ్లీ మళ్లీ వేస్తూ ఉంటేనే అసలుసిసలు అనుకోవడం కొనేవాళ్లకి ఉన్న రోగం.

రాజు గారు చూసిన మాస్కు బొమ్మలకి ఒక కథ ఉంది, అది చెప్తే మార్కెటింగా కాదా మీరే తేల్చుకోండి. స్పెయిన్ వాళ్లు ఈ ఊళ్ల మీద పడి, పంటలో వాటా లాక్కుని, పూజలు మాన్పించారు. 1675లో 47 మంది పూజారుల్ని మంత్రగాళ్లని చెప్పి పట్టుకున్నారు, కొందర్ని ఉరి తీశారు, మిగతావాళ్లని కొరడాలతో కొట్టారు. ఆ దెబ్బలు తిన్నవాళ్లలో ఒకడు పోపే. ఐదేళ్లకి, ఒకరి భాష ఒకరికి అర్థంకాని ఊళ్లన్నిటినీ ఏకం చేసి ఒకే రోజు తిరగబడేలా చేశాడు. ఎలాగంటే, తాళ్లకి ముడులు వేసి పరుగెత్తే కుర్రాళ్ల చేత ఊరూరికీ పంపాడు, రోజుకొక ముడి విప్పండి, ఆఖరి ముడి విప్పిన రోజు లేవండి అని. ఇద్దరు కుర్రాళ్లు దొరికిపోయేసరికి అనుకున్నదానికంటే ముందే, 1680 ఆగస్టు 10న మొదలైంది. సుమారు 400 మంది స్పానిష్ వాళ్లు చనిపోయారు, మిగతావాళ్లు ఎల్ పాసో దాకా పారిపోయారు. పన్నెండేళ్లు ఇటు రాలేకపోయారు. అమెరికాలో ఉంటూ మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? నాకైతే ఇక్కడికొచ్చాకే తెలిసింది.

ఓర్టిజ్ ఈ తిరుగుబాటుని తీసుకుని 500 ఏళ్లు ముందుకి జరిపి "రివోల్ట్ 1680/2180" అనే సిరీస్ కట్టాడు. 2180లో మళ్లీ దాడి, అదే యుద్ధం. అందులో తాహూ అనే ఆవిడ చూపులేని విలుకత్తెల దండుకి నాయకురాలు. ఆ కాలంవాళ్లు యుద్ధభూముల్లో మిగిలిన మట్టి పెంకుల కోసం వెతుకుతారు, అవి పోతే తామూ పోతామని. మరి కుండ మీద యోధుడు కాక ఇంకేం ఉంటుంది చెప్పండి! 2015లో డెన్వర్ ఆర్ట్ మ్యూజియంలో దీని మీద పెద్ద ప్రదర్శన పెట్టారు. ఊళ్లో పిల్లలకి ఆ చరిత్ర ఎక్కాలంటే వాళ్లు చూసే సినిమాల భాషలోనే చెప్పాలి అన్నది ఆయన ఉద్దేశం, తనకీ చిన్నప్పట్నుంచి సైన్స్ ఫిక్షన్ పిచ్చే.

ఆవం_దగ్గర:

నేను కుమ్మరి ఇంటివాణ్ణి, మాది రాజమండ్రి దగ్గర. మా తాతతోనే పని ఆగిపోయింది, నాన్న బ్యాంకు, నేను కంప్యూటర్. కథలు బాగున్నాయి గానీ నాకు పని గురించి చెప్పండి అక్కా. సారె లేకుండా అంత గుండ్రంగా ఎలా వస్తుంది? ఏ ఆవంలో కాలుస్తారు? మా తాత నల్ల కుండలు కావాలంటే ఆవంలోంచి పొగ బయటికి పోకుండా మూసేసేవాడు, వీళ్ల నల్ల కుండలు కూడా అంతేనా?

మట్టిపిచ్చి:

తమ్ముడూ, మీ తాతగారు అక్కడికెళ్తే భాష రాకపోయినా పని మాట్లాడుకునేవారు. నల్లకుండలు కొచిటివి కావు, శాన్ ఇల్డెఫాన్సో, శాంటా క్లారా ఊళ్లవి, కిటుకు మాత్రం అదే. మంట బాగా అందుకున్నాక పొడిచేసిన గుర్రపు పేడ గుమ్మరించి ఊపిరాడకుండా చేస్తారు, గాలి అందక పొగలోని మసి మట్టిలోకి దిగి ఎర్ర కుండ నల్లబడుతుంది. శాన్ ఇల్డెఫాన్సో కుమ్మరులు మరియా మార్టినెజ్, జూలియన్ దంపతులు 1919 ప్రాంతంలో దీని మీదే నలుపు మీద నలుపు డిజైన్ సాధించారు.

కొచిటి పద్ధతి వేరు. ఊరి దగ్గర కొండల్లో మట్టి తవ్వుకుంటారు. ఎండబెట్టి, నానబెట్టి, జల్లించి, పగలకుండా అగ్నిపర్వతపు ఇసుక కలిపి కాళ్లతో చేతులతో మర్దిస్తారు. కొలంబస్ రాకముందు ఈ ఖండంలో సారె లేదు. వచ్చాక కూడా వీళ్లు దాని జోలికి పోలేదు. మట్టిని పాములా పేని, వరస మీద వరస చుట్టి, సొరకాయ పెంకుతో లోపలా బయటా గీకి పలచన చేస్తారు. కన్ను, చెయ్యి, అంతే. పైన తెల్లమట్టి నీళ్లు పూతమీద పూత వేసి గుడ్డతో రుద్దుతారు. కాల్చడం ఆరుబయటే, కట్టెలు, ఎండిన పేడ పిడకలు. ఆవం కట్టరు. గాలి తిరిగినా, లోపల చెమ్మ మిగిలినా నెలల పని ఠప్పున పోతుంది. మనవాళ్లన్నట్టు కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు, ఇక్కడ గుదియ అవసరం కూడా లేదు, గాలి చాలు. రాజు గారు చూసిన ధరలో పగిలిపోయినవాటి ఖరీదు కూడా కలిసుంటుంది.

ఇంకోటి, ఆ నల్లగీతల రంగు. అది రాయి కాదు, ఆకు! ఇక్కడ అడవి పాలకూర అంటారు గానీ పాలకూరకీ దానికీ సంబంధం లేదు, మన వామింటకి దగ్గర చుట్టం. లేత ఆకు కూర వండుకుంటారు కూడా. రంగు కోసమైతే మొక్కలు పోగేసి గంటలకొద్దీ ఉడకబెట్టి, వడగట్టి, పాకంలా చిక్కబడ్డాక బిళ్లలుగా ఎండబెడతారు, దాన్ని గ్వాకో అంటారు. కావాల్సినప్పుడు నీటిచుక్కతో అరగదీసి, నమిలి కుంచెలా చేసిన యక్కా (ఇక్కడి ఎడారి మొక్క) ఆకుతో గీస్తారు. గీసినప్పుడు గోధుమరంగులో ఉండి, కాల్చాక నల్లబడుతుంది, కాలడం ఎక్కువైతే ఎగిరిపోతుంది.

ఆవం_దగ్గర:

వామింటతో రంగా! మా నాయనమ్మ చెవిపోటుకి దాని ఆకు పసరు పిండేది. ఈ ముక్క మా నాన్నకి ఫోన్ చేసి చెప్పాలి.

శాంటాఫే_శాస్త్రి:

రాజు గారూ, రెండు ముక్కలు. కొచిటి చూడాలంటే జూలై 14న శాన్ బ్యూనవెంచురా పండుగ, మొక్కజొన్న నాట్యం ఉంటుంది, బయటివాళ్లు వెళ్లొచ్చు. కెమెరా మాత్రం కార్లోనే వదిలేయండి, ఫోటోలే కాదు, బొమ్మ గీయడం కూడా నిషేధం. మనవాళ్లకి ఇది కష్టం అని తెలుసు, నేనూ ఫోన్ తీయబోయి ఆగాను. ఆ ఊరు డ్రమ్ములకి కూడా ప్రసిద్ధి.

కొనేటప్పుడు చేసినవాళ్ల దగ్గరే కొనండి, "చేత్తో చుట్టిందా, అచ్చులో పోసిందా, మట్టి ఎక్కడిది, ఎలా కాల్చారు" అని అడగండి, నిజంగా చేసినవాళ్లు ఆ ప్రశ్నలకి సంతోషిస్తారు. ఫ్యాక్టరీలో పోతపోసిన తెల్లకుండ మీద రంగులేసి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. తెగవాళ్లు చేయనిదాన్ని వాళ్లు చేసిందని అమ్మితే 1990 చట్టం ప్రకారం రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా, జైలు. అరచేతిలో పట్టే చిన్నవి పేరులేని కుర్ర కుమ్మరుల దగ్గర మన బడ్జెట్‌లో దొరుకుతాయి.

రియోగ్రాండే_రాజు:

అందరికీ థాంక్స్, ముఖ్యంగా మట్టిపిచ్చి గారికి. మొన్న శనివారం మళ్లీ ఆ గ్యాలరీకి వెళ్లాను, కొనడానికి కాదులెండి. ఈసారి ఆ గీతల్ని దగ్గర్నుంచి చూశా, ఒకచోట నలుపు కొంచెం పలచబడి గోధుమరంగు కనిపిస్తోంది. పోయినసారి అది లోపం అనుకున్నాను.

ఇంకో సంగతి. మా ఇంటి వెనక కాలువ గట్టున ఊదా పూలతో నడుమెత్తు మొక్కలు గుబురుగా ఉన్నాయి, మీరు చెప్పాక ఫోటో వెతికితే అదే అనిపించింది. మా అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంది. ఆకు తుంచి నలిపి వాసన చూసి "వామింట కాదు, దాని తోడికోడలు" అంది. రేపు పప్పులో వేస్తానంటోంది, అది తినేదేనని గట్టిగా తెలిసినవాళ్లు ఎవరైనా ఈ రాత్రికే చెప్పండి.