ఒక్కరోజు తప్పితే అలవాటు మొత్తం పోతోంది, మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?

పొద్దున 5:30కి లేచి 40 నిమిషాలు నడవడం అలవాటు చేసుకోవాలని ఈ ఏడాది నాలుగుసార్లు మొదలుపెట్టాను. మొదటిసారి 19 రోజులు, తర్వాత 23, 16, ఆఖరిసారి 26 రోజులు సాగింది. ఆగిపోవడం మాత్రం ప్రతిసారీ ఒకేలా. ఊళ్లో పెళ్లనో, జలుబనో ఒకటి రెండు రోజులు తప్పుతుంది. మూడో రోజు అలారం మోగుతుంది, మెలకువ కూడా వస్తుంది, కానీ "ఎలాగూ పోయింది కదా, సోమవారం నుంచి చూద్దాంలే" అనిపిస్తుంది. ఆ సోమవారం రావడానికి నెల పడుతుంది.

రాత్రే బూట్లు, బట్టలు తలుపు దగ్గర పెట్టుకున్నాను. ఫోన్ హాల్లో పెట్టి పడుకుంటున్నాను (ఇది బాగా పనిచేసింది, లేవడం ఇప్పుడు సమస్య కాదు). క్యాలెండర్‌లో టిక్కులు పెట్టాను. వాటివల్ల కీడే ఎక్కువైందేమోనని నా అనుమానం. మధ్యలో ఒక్క ఖాళీ గడి కనబడితే ఇక అటువైపు చూడబుద్ధి కాదు. పక్కింటాయనతో కలిసి వెళ్లాను, ఆయనకు బదిలీ అయింది.

21 రోజుల్లో అలవాటు పడుతుందన్న మాట నమ్మి మొదట్లో దెబ్బతిన్నాను. లండన్‌లో 96 మందితో చేసిన అధ్యయనంలో సుమారు 66 రోజులని తేలింది, కొందరికి 254 రోజుల దాకా పట్టొచ్చని అంచనా వేశారు. ఒక్కరోజు తప్పితే పెద్ద తేడా రాదని కూడా అందులోనే ఉంది. తెలుసు. అయినా మూడో రోజు కాలు కదలదు.

10:30కల్లా పడుకుంటాను, నిద్ర సరిపోతోంది. ఆరోగ్య సమస్యలేం లేవు.

ఇలా రెండు రోజులు తప్పాక మళ్లీ గాడిలో పడ్డవాళ్లు చెప్పండి, ఆ మూడో రోజు పొద్దున మీరు సరిగ్గా ఏం చేశారు?