సీతాకోకచిలుక గ్రాఫిక్: ఒక పక్క గీసి ఫ్లిప్ చేస్తే సరిపోతుందా, రెండు పక్కలా గీయాలా?

రంగులగూడు:
కార్డు మూలల్లో, పోస్టర్ అంచుల్లో పెట్టుకునే అలంకార సీతాకోకచిలుక గురించి అడుగుతున్నాను. ఎడమ పక్క రెక్కలు గీసి, ఆ లేయర్‌ని (బొమ్మలోని ఆ పొరను) డూప్లికేట్ చేసి, ఫ్లిప్ హారిజాంటల్ (అద్దంలోలా ఎడమను కుడికి తిప్పడం) కొట్టి కుడి పక్కకు జరిపితే బొమ్మ తయారు. ఇది బద్ధకం పని అనీ, రెండు పక్కలా విడిగా గీస్తేనే బొమ్మకు ప్రాణం వస్తుందనీ నాతో పనిచేసే ఆర్టిస్టు ఒకరు గట్టిగా వాదిస్తున్నారు. నాకైతే ఇందులో తప్పేమీ కనపడదు. సీతాకోకచిలుక రెక్కలు పుట్టుకతోనే రెండు పక్కలా ఒకేలా ఉంటాయి కదా. ఉన్నదాన్ని ఉన్నట్టు చేస్తే అది బద్ధకం ఎలా అవుతుంది? రెండు రకాలుగా పనిచేసినవాళ్లు చెప్పండి.

తూలిక:
మీ ఆర్టిస్టు చెప్పిందే నా మాట కూడా. రెక్కలు ఒకేలా ఉంటాయి, నిజమే. కానీ అవి మన కంటికి ఒకేలా కనపడేది ఎప్పుడు? పిన్ను గుచ్చి అట్ట మీద పరిచిపెట్టినప్పుడు. పువ్వు మీద వాలిన సీతాకోకచిలుకను చూడండి. మన వైపున్న రెక్క వెడల్పుగా, అవతలి రెక్క సన్నగా కనపడుతుంది. ఒకదాని మీద వెలుగు పడితే రెండోది నీడలో ఉంటుంది.

రంగు సంగతి ఇంకా ముఖ్యం. మార్ఫో జాతి సీతాకోకచిలుకల నీలం తెలుసు కదా, అందరూ గీయాలనుకునేది అదే. ఆ నీలం రంగుపదార్థం వల్ల వచ్చింది కాదు. రెక్క మీది పొలుసుల్లో ఉండే అతి సన్నని గట్లు వెలుతురును తిప్పికొట్టే తీరు వల్ల వస్తుంది. అందుకే రెక్క కోణం మారితే నీలం కూడా మారుతుంది. రెండు రెక్కలు రెండు కోణాల్లో ఉన్నప్పుడు ఒకటి ధగధగలాడుతుంటే రెండోది ముదురుగా కనపడవచ్చు. ఫ్లిప్ చేసిన బొమ్మలో రెండూ ఒకే మెరుపుతో ఉంటాయి. చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా, ఇది అతికించిన స్టిక్కర్ అని కన్ను పట్టేస్తుంది.

పొరలవాడు:
తూలిక గారూ, మీరు చెప్పిన లోపాలన్నీ నిజమే. కానీ ఆ నేరం ఫ్లిప్ మీద మోపడం న్యాయం కాదండీ. ఏ దశలో ఫ్లిప్ చేశామన్నదే అసలు విషయం.

చాలామంది ఏం చేస్తారంటే, ఒక పక్క రెక్కకు గ్రేడియంట్ (ఒక రంగు మెల్లగా ఇంకో రంగులోకి మారడం), మెరుపు, నీడ అన్నీ పూర్తిచేసి చివర్లో తిప్పుతారు. అప్పుడు వెలుగు కూడా తిరిగిపోతుంది. ఎడమ రెక్క మీద వెలుగు ఎడమ నుంచి, కుడి రెక్క మీద కుడి నుంచి పడినట్టు ఉంటుంది. ఒక బొమ్మకు ఇద్దరు సూర్యులన్నమాట. బొమ్మ చచ్చిపోయేది అక్కడే. అదే ఆకారం, ఈనెలు, మచ్చలు, చదునైన రంగులు వరకే గీసి తిప్పండి. వెలుగూ నీడా తర్వాత రెండు పక్కలా కలిపి ఒకేసారి వేయండి. తేడా మీకే తెలుస్తుంది.

ఫోటోషాప్‌లో డ్రాప్ షాడో (వెనక పడే నీడ), బెవెల్ (అంచు ఉబ్బెత్తు) లాంటివి లేయర్ స్టైల్‌గానే, అంటే పిక్సెల్స్‌లో కలపకుండా విడి సెట్టింగ్‌గానే ఉంచితే, లేయర్‌ని ఫ్లిప్ చేసినా వెలుగు కోణం మారదు. దాన్ని రాస్టరైజ్ చేసి (పిక్సెల్స్‌గా మార్చేసి) తిప్పితే మాత్రం నీడ కూడా తిరుగుతుంది. ఫోటోషాప్ లాంటిదే అయిన గింప్‌లో పాత వెర్షన్లలో ఫిల్టర్ వేశాక అది పిక్సెల్స్‌లో కలిసిపోయేది. 2025లో వచ్చిన 3.0 నుంచి ఫిల్టర్‌ని విడిగా ఉంచుకుని తర్వాత మార్చుకోవచ్చు కాబట్టి ఆ బాధ తగ్గింది.

ఇంకోటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు: మధ్యలో కనపడే సన్నని గీత. రెండు సగాలను అంచుకు అంచు ఆనించి పెడతారు. అంచు సరిగ్గా పిక్సెల్ గీత మీద పడకపోతే యాంటీ అలియాసింగ్ (అంచులు మెట్లలా కనపడకుండా నునుపు చేయడం) వల్ల ఆ వరుస సగం పారదర్శకంగా ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పడ్డ రెండు 50 శాతాలు కలిస్తే 100 అవ్వవు, రెండోది మిగిలినదాంట్లో సగమే కప్పుతుంది కాబట్టి 75 అవుతాయి. మిగిలిన 25 శాతంలోంచి వెనకున్న రంగు కనపడుతుంది. ముదురు రెక్కలు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ అయితే వెంట్రుకంత తెల్ల గీత స్పష్టంగా తెలుస్తుంది. రెక్కల మొదళ్లను శరీరం లేయర్ కిందకు కాస్త లోపలికి పోనివ్వండి. అతుకు శరీరం కింద దాగిపోతుంది.

వక్రరేఖ:
నేను ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్ మనిషిని, వెక్టర్ పక్షం, అంటే పిక్సెల్స్‌తో కాకుండా గీతల లెక్కలతో బొమ్మ వేసే పద్ధతి. రెక్కను గ్రూప్ చేసి క్లోన్ (అసలుతో ముడిపడి ఉండే కాపీ) తీసి, ఆ క్లోన్‌ని ఫ్లిప్ చేస్తాను. అసలు రెక్కలో ఒక మచ్చ జరిపితే అవతలి పక్క కూడా జరుగుతుంది. ఫోటోషాప్‌లో స్మార్ట్ ఆబ్జెక్ట్ కాపీతో ఇదే సాధ్యం. విడిగా గీసేవాళ్లు కస్టమర్ "మచ్చలు కొంచెం పెద్దవి చేయండి" అన్నప్పుడు పడే టెన్షన్ నాకు తెలుసు, ప్రతి మార్పూ రెండుసార్లు చేయాలి. పైగా కార్డు మూలలో బొటనవేలి గోరంత ఉండే బొమ్మలో వెలుగు కోణం ఎవరికి కనపడుతుంది?

రంగులగూడు:
గింప్‌లో సిమ్మెట్రీ పెయింటింగ్ కూడా ఉంది కదా, 2018లో 2.10తో వచ్చింది. ఒక పక్క బ్రష్ ఆడిస్తే రెండో పక్క తనంతట తానే పడుతుంది. ఇది దేని కిందకి వస్తుంది, ఫ్లిప్పా, గీయడమా?

తూలిక:
ఫలితం ఫ్లిప్‌దే. కాకపోతే చేయి ఆడుతుండగానే రెండు పక్కలూ చూసుకోవచ్చు కాబట్టి ఆకారం వెతుక్కునే దశలో చాలా మంచిది, నేనూ వాడతాను. ఆకారం కుదిరాక దాన్ని ఆపేసి మిగతాది చేత్తో వేస్తాను.

వక్రరేఖ గారు గోరంత బొమ్మ గురించి చెప్పింది ఒప్పుకుంటాను. కానీ గోరంత బొమ్మే రేపు పోస్టర్ మధ్యకు వస్తుంది. వెక్టర్ గొప్పతనం ఎంతకైనా పెంచుకోవచ్చనేగా? పెంచిన రోజున లోపం కూడా పెరుగుతుంది.

ఆకుపురుగు:
నేను డిజైనర్‌ని కాదు, కీటకాలంటే ఇష్టం. మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. ఫ్లిప్ చేసినా, విడిగా గీసినా రెక్కలు నాలుగు అని మర్చిపోకండి. పక్కకు రెండు చొప్పున, ముందు రెక్క ఒకటి, వెనుక రెక్క ఒకటి. చాలా గ్రాఫిక్స్‌లో రెండూ కలిపి ఒకే ముక్కగా, మధ్యలో నొక్కు పెట్టి గీస్తున్నారు. పై నుంచి చూస్తే సాధారణంగా ముందు రెక్క పైన, వెనుక రెక్క దాని కింద ఉంటుంది. రెండు లేయర్లు చేస్తే ఆ ఒరుసుకునే చోట చిన్న నీడ వేయవచ్చు. మీసాలు చివర గుబ్బలా లావుగా ఉండాలి. ఈకలాంటి మీసాలు వేస్తే అది చిమ్మట అవుతుంది. చుట్ట చుట్టుకునేది తొండం, మీసాలు కాదు.

రెండు పక్కలా వేరువేరు రెక్కలున్న సీతాకోకచిలుకలు కూడా చాలా అరుదుగా పుడతాయి. శరీరంలో ఒక సగం ఆడది, ఒక సగం మగది. ఆడ, మగ రెక్కల రంగులు వేరుగా ఉండే జాతిలో అలాంటిది పుడితే నిట్టనిలువునా రెండు బొమ్మలు కలిపినట్టు ఉంటుంది. ఎవరైనా దాన్ని గ్రాఫిక్ చేస్తే చూడాలని ఉంది.

పొరలవాడు:
నాలుగు లేయర్ల మాట బంగారం. వెనుక రెక్కను విడిగా కాస్త తిప్పుకోగలిగితేనే బొమ్మకు కదలిక వస్తుంది.

తూలిక గారూ, ఒక పద్ధతి చెప్తాను, ప్రయత్నించి చూడండి. ఫ్లిప్ చేశాక అవతలి పక్క రెక్కలను అడ్డంగా కుదించి, పర్‌స్పెక్టివ్‌తో అంచును కొంచెం చిన్నది చేయండి. పైన మల్టిప్లై మోడ్‌లో (కింది రంగును ముదురు చేసే మోడ్) నీలం లాంటి చల్లటి రంగు లేయర్ ఒకటి ఆ రెక్కల వరకే పడేలా క్లిప్ చేసి ఆ పక్కను ముదురు చేయండి. మీరు చెప్పిన కోణం, నీడ రెండూ వస్తాయి, మళ్లీ గీసే పని లేదు.

తూలిక:
అది చేసి చూశానండీ, పక్కకు కొద్దిగా తిరిగిన బొమ్మకు చక్కగా సరిపోతుంది. ఎక్కువ తిరిగినదానికి చాలదు. కుదించినప్పుడు ఈనెల గీతలు కూడా కుదించుకుపోయి, ఒక పక్క గీత లావుగా, ఒక పక్క సన్నగా తయారవుతుంది. నిజం రెక్క చదునుగా కూడా ఉండదు, వంగి ఉంటుంది. ఆ వంపు మీద మచ్చలు కూడా వంగాలి. వార్ప్ (బొమ్మను వంచే టూల్)తో దాన్ని లాగి సరిచేసే సమయంలో కొత్తగా గీసేయొచ్చు. ఎదురుగా రెక్కలు పరిచిన అలంకార బొమ్మకు ఫ్లిప్ చేసుకోండి, వెలుగు తర్వాత వేసేటట్టయితే నాకు అభ్యంతరం లేదు. వాలుతున్న, ఎగురుతున్న సీతాకోకచిలుకకు మాత్రం అవతలి రెక్కను విడిగా గీయాల్సిందే.

రంగులగూడు:
నాది ఎదురుగా పరిచిన బొమ్మే. నాలుగు లేయర్లతో, వెలుగు వేయకుండా తిప్పి చేస్తున్నాను. బ్యాక్‌గ్రౌండ్ పారదర్శకంగా కావాలి కాబట్టి పీఎన్‌జీలో ఎక్స్‌పోర్ట్ చేసి ఇక్కడ పెడతాను. మధ్య గీత కనపడుతోందేమో పెద్దది చేసి చూసి చెప్పండి.