వంత పాడాలా, అందుకోవాలా?

అందరికీ నమస్కారం. ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. ఒక్క మాట దగ్గర ఆగిపోయాను, మీ సలహా కావాలి.

ఆదివారం సాయంత్రాలు మా అరుగు మీద పిల్లల్నీ పెద్దవాళ్ళనీ కూర్చోబెట్టి పాటలు పాడిస్తున్నాం. పదిమంది దాకా పిల్లలు వస్తారు. అందరూ ఒడియా మీడియం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ తెలుగు అక్షరాలు రావు. పెద్దవాళ్ళు ఆరుగురు. వాళ్ళలో ఒక తాతగారికి మతిమరుపు జబ్బు బాగా ముదిరింది, కొడుకు పేరు కూడా ఒక్కోసారి గుర్తుండదు. ఒక మామ్మగారికి చూపు ఆనదు.

పోయిన నెల పిలుపు చీటీ మీద "పిల్లలు పాడతారు, పెద్దలు వంత పాడాలి" అని రాశాను. ఎదురింటి రిటైర్డ్ మాస్టారు ఆ చీటీ తెచ్చి నా చేతిలో పెట్టేశారు. "ఏటమ్మా, ఈ వయసులో నన్ను ఒకరికి వంత పాడమంటావా?" అన్నారు. ఆయనకు కోపం రాలేదు, నొచ్చుకున్నారు. నేను అన్నది పాట గురించే. కానీ ఇవాళ ఎవరితోనైనా "వాడికి వంత పాడుతున్నావు" అంటే అది తిట్టే కదా. మరి ఒకరు పాడుతుంటే అందరూ గొంతు కలిపే పనిని మనం ఏమని పిలవాలి? కోరస్ అనడం నాకు ఇష్టం లేదు.

మేం పాడే పాట కూడా ఇక్కడ పెడుతున్నాను, మాట వెతకడానికి పనికొస్తుంది. మా ఊరి చిన్న రైలు మీద మేమే కట్టుకున్నాం. నౌపడా నుంచి పర్లాకిమిడికి ఆ నేరోగేజి బండి 1900లో మొదలైంది, 1931లో గుణుపురం దాకా వెళ్ళింది. 2004లో ఆపేసి, 2011లో బ్రాడ్‌గేజి చేశారు. ఈ పెద్దవాళ్ళందరూ ఆ చిన్న బండి ఎక్కినవాళ్ళే, పిల్లలు ఒక్కరూ దాన్ని చూడలేదు.

నౌపడలో లేచింది నల్లని రైలు
(ఎందాకా? ఇందాకా!)
టెక్కలిలో తాగింది టీ నీళ్ళు
(ఎందాకా? ఇందాకా!)
పాతపట్నంలోన పాట పాడింది
పర్లాకిమిడిలోన పలకరించింది
కాశీనగరులోన కాసేపాగింది
గుణుపురం చేరి గుర్రు పెట్టింది
(ఎందాకా? ఇందాకా!)

"ఎందాకా" అని పిల్లలు అడుగుతారు, "ఇందాకా" అని పెద్దవాళ్ళు చెప్పాలి.

బరంపురం నుంచి:

వంతను వదులుకోకండి అమ్మా. బుర్రకథలో తంబుర పట్టుకున్న కథకుడికి అటొకరు ఇటొకరు గుమ్మెటలతో నిలబడతారే, వాళ్ళు వంతలు. ఒకరు హాస్యం చెబుతారు, ఒకరు రాజకీయం చెబుతారు. మధ్యమధ్య కథకుణ్ణి ప్రశ్న వేసి నిలదీసేది కూడా వాళ్ళే. వాళ్ళు లేకపోతే కథ నడవదు. అంత గౌరవమైన పనికి తర్వాత రోజుల్లో చెడ్డపేరు వచ్చింది.

ఇంకో విషయం. మన గంజాం దాసకాఠియా చూసే ఉంటారు, చేతిలో కర్రముక్కలు చిటచిటలాడిస్తూ ఇద్దరు కథ చెబుతారు. అందులో ముందు పాడేవాడు గాయక్, వెంట పాడేవాడు పాళియా. ఒడియాలో పాళి అంటే వంతు. "మో పాళి" అంటే నా వంతు. మన వంతకూ వంతుకూ వ్యుత్పత్తి ఏమిటో పండితులు చెప్పాలి గానీ, నా చెవికి మాత్రం ఆ రెండూ పక్కపక్కనే వినిపిస్తాయి. మాస్టారికి ఈ సంగతి చెప్పి చూడండి.

నా జవాబు:

చెప్పానండీ. పాళియా మాట ఆయనకు బాగా నచ్చింది. "అయితే నిఘంటువులో వంతకు దుఃఖం అనే అర్థం కూడా ఉందమ్మా, చింతా వంతా అంటారు చూడు" అన్నారు. ఆయన చెప్పింది నిజమే. చీటీ మీద ఆ మాట పెట్టడానికి నాకు ఇంకా చెయ్యి రావడం లేదు.

జయపురం నుంచి:

కరావోకే అని పెట్టండి, పిల్లలు పరిగెత్తుకొస్తారు. మైకు, టీవీ ఉంటే చాలు.

నా జవాబు:

పిల్లలు వస్తారు, నిజమే. కానీ తమ్ముడూ, కరావోకే జపాను మాట. కర అంటే ఖాళీ, ఓకే అంటే ఆర్కెస్ట్రా. వెనక వాయిద్యాలు మోగుతాయి, పాడే మనిషి స్థానం ఖాళీగా ఉంటుంది, అందులోకి ఒక్కరు వెళ్ళి నిలబడతారు. మా అరుగు మీద వాయిద్యాలు లేవు, మనుషులే ఉన్నారు. పైగా టీవీ తెర తాతగారి కోసం ఆగదు. ఆయన గొంతు పిల్లల కన్నా రెండు తాళాలు ఆలస్యంగా వస్తుంది. మేం ఆగుతాం. మొదట్లో పిల్లలు ఆగలేక "ఇందాకా" కూడా వాళ్ళే అనేసేవారు. ఇప్పుడు తాతగారి నోటి వంక చూస్తూ కూర్చుంటారు.

రాయగడ నుంచి:

అక్కా, మీ తాతగారి మాట చదివి ఇది రాస్తున్నాను. మా పెద్దమావయ్యకు పక్షవాతం వచ్చి మాట పోయింది. "నీళ్ళు" అనలేరు. మేం పాట ఎత్తుకుని చివరి మాట దగ్గర ఆగితే, ఆ మాట స్పష్టంగా అంటారు. మాట నేర్పడానికి వచ్చే అమ్మాయిని అడిగితే ఇలా చెప్పింది. మాటకు ముఖ్యంగా మెదడు ఎడమవైపు పనిచేస్తుంది, రాగానికి కుడివైపు కూడా సాయపడుతుంది. దీన్ని ఆధారం చేసుకుని 1973లో బోస్టన్ వైద్యులు ఒక పద్ధతి ప్రకటించారట. చిన్న చిన్న మాటలకు రాగం కట్టి, రోగి ఎడమచేత్తో తాళం వేయిస్తారు. మొదట ఇద్దరూ కలిసి పాడతారు. తర్వాత నేర్పేవాళ్ళు మెల్లగా గొంతు తగ్గించి ఆగిపోతారు, మిగతాది రోగి అందుకోవాలి.

అందరికీ ఇది పనిచేయదని కూడా ఆ అమ్మాయి చెప్పింది. మావయ్య ఇప్పుడు "నీళ్ళు" అనాలంటే సాగదీసి పాడతారు. మాకు అదే పండగ.

సిరొంచ నుంచి:

రాయగడ చెల్లెలు "అందుకోవాలి" అని రాసింది చూశారా? మీరు వెతికే మాట అదేనేమో. గోదావరి అవతల మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ఉన్నా మేమూ అదే మాట అంటాం. ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు అందుకుంటారు. బతుకమ్మ ఆడేటప్పుడు ముందావిడ ఒక్కో మాట చెబుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళంతా "ఉయ్యాలో" అని అందుకుంటారు కదా. ఆ పాట మొత్తం రాని కొత్త కోడలు కూడా ఉయ్యాలో దగ్గర తప్పకుండా ఉంటుంది.

నా జవాబు:

రెండు రోజులుగా ఈ మాటే నోట్లో తిప్పుకుంటున్నాను. ఎత్తుకోవడం, అందుకోవడం. పాటను చంటిబిడ్డలా ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు చేతులు చాపి అందుకున్నట్టు ఉంది. రెంటిలోనూ ఆ "కో" చూడండి. పాడు అంటే ఎదుటివాళ్ళ కోసం, పాడుకో అంటే మన కోసం. అందుకే మా పుస్తకానికి పాటల పుస్తకం అని కాకుండా పాడుకునే పుస్తకం అని పేరు పెట్టాం.

ఆ పుస్తకం సంగతి కూడా చెబుతాను, ఎవరైనా చేసుకుంటారేమోనని. చార్టు పేపరు కత్తిరించి కుట్టాం. పేజీకి ఒక్క చరణం, బొటనవేలంత అక్షరాలు. ఎత్తుకునేవాళ్ళ మాటలు నలుపు, అందుకునేవాళ్ళ మాటలు ఎరుపు. "ఎందాకా" పేజీ చివర ఉంటుంది, "ఇందాకా" తిప్పాక వస్తుంది. పేజీ తిప్పే ఆ క్షణంలోనే పెద్దవాళ్ళకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. చూపు ఆనని మామ్మగారు కాగితం చప్పుడు విని అందుకుంటారు. ఇది మేం అనుకుని చేసింది కాదు, ఆవిడ పట్టేశారు.

మొదటి ప్రతిలో "నౌపడ నుండి బయలుదేరెను" అని రాశాను. పిల్లలు "దేరెను" దగ్గర తడబడ్డారు. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని నేను అలా రాయడమేమిటని కొట్టేసి "లేచింది" చేశాను. గుక్క సరిపోయింది.

తెలుగు అక్షరాలు రాని పిల్లల కోసం ప్రతి పంక్తి కింద అదే ఒడియా లిపిలో రాశాం. అక్కడ ఒక చిక్కు వచ్చింది. ఒడియాలో అకారాన్ని కొంచెం గుండ్రంగా, ఒకారంలా పలుకుతారు కదా, పిల్లలు "నల్లని రైలు"ను "నొల్లొని రైలు" అని చదివారు. దిద్దింది మామ్మగారే. "నొల్లొని కాదు నాయనా, న, న" అని గడ్డం పట్టుకుని పలికించారు. అక్షరాలు పిల్లలు చూసుకుంటారు, ఉచ్చారణ పెద్దవాళ్ళ దగ్గర తీసుకుంటారు. ఒకటి మాత్రం కలిసొచ్చింది. ఒడియాలోనూ మనలాగే మాట చివర అచ్చు వదలరు. అందుకని "ఇందాకా"ను ఎంత సాగదీసినా పిల్లలకు కష్టం అనిపించదు. సాగే అచ్చు ఉంటేనే ఆలస్యంగా వచ్చే గొంతుకు చోటుంటుంది. కొత్తగా పాట కట్టేవాళ్ళు పెద్దవాళ్ళ మాట దీర్ఘంతో ముగిసేలా చూసుకోండి. శ్రుతి కూడా పిల్లల గొంతుకు కాకుండా పెద్దవాళ్ళ గొంతుకు పెట్టండి, పిల్లలు దిగి రాగలరు.

బరంపురం నుంచి:

"ఇందాకా" మాట ఎవరు వేశారమ్మా? ఇక్కడి వరకు అనీ అర్థమే, కొంతసేపటి క్రితం అనీ అర్థమే.

నా జవాబు:

వేసింది నేనే, "ఇక్కడి వరకు" అనే అర్థంతో. రెండో అర్థం తాతగారు తీశారు. మూడో ఆదివారం పాట అయిపోయాక పక్కనున్న పాప "తాతా, రైలు ఎప్పుడొచ్చింది?" అని అడిగింది. ఆయన "ఇందాకా" అన్నారు. పాటలో కాదు, మామూలుగా, మాటలాగా. ఆ సాయంత్రం ఆయన అన్న మొదటి మాట అది. వాళ్ళ కోడలు గుమ్మం దగ్గర నిలబడి విన్నది.

కొత్త చీటీ ఇలా రాశాను: "పిల్లలు ఎత్తుకుంటారు, పెద్దలు అందుకోండి." మాస్టారు చదివి జేబులో పెట్టుకున్నారు. ఆదివారం వచ్చారు కూడా. పుస్తకంలో ఎర్ర మాటల పక్కన మాత్రం "వంత" అని తన చేత్తోనే రాశారు. పిల్లలకు ఆ మాట మంచి అర్థంతోనే ముందు తెలియాలట.

ఇంకొక్క సాయం కావాలి. కాశీనగర్‌లో రైలు కాసేపు కాదు, చాలాసేపు ఆగేదని మామ్మగారు పట్టుబడుతున్నారు. ఆ పంక్తి వచ్చినప్పుడల్లా ఆవిడ అందుకోవడం లేదు. "కా"తో మొదలై ఎక్కువసేపు ఆగినట్టు అర్థమిచ్చే మాట ఎవరికైనా తడితే చెప్పండి.