కడప ఎండకు వాటర్‌కలర్ వాష్ ఆరిపోతోంది, ఏం చేయాలి?

కడపలో బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) చదువుతున్నాను. ఇలస్ట్రేషన్ పోర్ట్‌ఫోలియో కోసం గండికోట లోయను వాటర్‌కలర్‌లో వేస్తున్నా. ఏ3 సైజు, 300 జీఎస్ఎం కోల్డ్ ప్రెస్ కాగితం (మందంగా, కాస్త గరుకుగా ఉండేది). ఆకాశానికి వాష్ (పలచని రంగును పెద్ద జాగా అంతా ఒకే తడిలో పరచడం) వేస్తుంటే, సగానికి వచ్చేసరికి, అంటే రెండు నిమిషాల్లోపే, మొదటి అంచు ఆరి గీత పడుతోంది. దాని మీద మళ్లీ తడి బ్రష్ పెడితే గోబీపువ్వులా మరక విచ్చుకుంటోంది.

ఫ్యాన్ ఆపి చూశా (చెమట చుక్క సరిగ్గా బొమ్మ మీదే పడింది). పొద్దున 5 గంటలకు లేచి వేస్తే కొంచెం నయం, 8 దాటితే మళ్లీ అదే గోల. కాగితాన్ని రెండువైపులా తడిపితే ఉబ్బిపోయి, రంగంతా గుంటల్లోకి చేరింది. కప్పు నీళ్లలో ఐదారు చుక్కల గ్లిజరిన్ కలిపితే తడి నిలిచింది గానీ, మర్నాటికి కూడా వేలికి జిగురుగా అంటుకుంటోంది.

జిగురు మిగలకుండా, ఇంత ఎండలో పెద్ద వాష్‌ను కనీసం పది నిమిషాలు తడిగా ఉంచడానికి మీరేం చేస్తారు?